తేదీ లేని పిల్ల

బడి బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే అడిగింది జీటా:
"అమ్మా, నేను రక్షణ పొందింది ఏ తారీఖున?"

కేలిన్‌కి ఉందట. జూలై పద్నాలుగు.
బైబిలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో, చుట్టూ గుండె బొమ్మ.
భోజనాల బల్ల దగ్గర ఆరుగురూ తలో తేదీ చెప్పారట,
పుట్టినరోజులు చెప్పుకున్నంత తేలిగ్గా.
నా కూతురి వంతు వచ్చేసరికి
చెంచాలు ఆగిపోయాయట.
కేలిన్ తన పీచ్ ముక్కల గిన్నె ఇటు జరిపిందట,
ఇల్లు కాలిపోయినవాళ్ళకి దుప్పటి ఇచ్చినట్టు.

బంగాళాదుంప చెక్కు తీస్తూ చెప్పాను:
నలభయ్యో రోజున నీకు జ్ఞానస్నానం.
టగ్ నది అంచులు గడ్డకట్టిన జనవరి.
ఫాదర్ చేతిలో నీళ్ళకి గుడి కప్పెగిరేలా ఏడ్చావు.
"నాకు గుర్తులేదుగా. గుర్తులేనిది లెక్కలోకి రాదంది కేలిన్."
పుట్టడం గుర్తుందా మరి? అన్నాను, గెలిచాననుకుని.
"పుట్టడం అయిపోయిందిగా. ఇది అయిందా, లేదా?"

ఈ లోయలో పన్నెండు చర్చిలు.
పదకొండింటిలో రక్షణ సమాపక క్రియ:
నమ్మాను, పొందాను, చుక్క.
పన్నెండోది మాది.
బొగ్గు కోసం సముద్రం దాటొచ్చిన స్లొవాక్ తాతలు కట్టింది.
రెండు వారాలకోసారి ఫాదర్ వస్తే
పూజకి పంతొమ్మిదిమందిమి.
అక్కడంతా అసమాపకం:
పడి, లేచి, ఒప్పుకుని, సత్ప్రసాదం తిని, మళ్ళీ పడి,
మళ్ళీ మోకాళ్ళ మీదికి వచ్చి...
వాక్యం ముగియడం మేం చూడం.
ఎనిమిదేళ్ళ పిల్లకి వ్యాకరణం చెబితే నిద్రపడుతుందా?

పట్టలేదు. మూడు రాత్రులు దీపం ఆర్పనివ్వలేదు.
నాలుగోరోజు లంచ్ డబ్బా కడుగుతుంటే
మూతలో మడతపెట్టిన కరపత్రం:
"ఈ రాత్రే నువ్వు చనిపోతే ఎక్కడికి వెళ్తావు?"
మంటల బొమ్మ.
వెనక వంకర రాతలో, ప్రేమతో, నానమ్మ.

ఓర్లీన్. మా అత్తగారు.
మా పెళ్ళిరోజున మా గుడిలో
యేసు ఇంకా సిలువ మీదే వేలాడుతున్నాడేమని
పూజంతా తల దించుకు కూర్చున్న మనిషి.
వేడ్ గని నుంచి వచ్చేదాకా ఆగలేదు.
తడి చేతులతోనే కారు తీశాను.
దారి పొడుగునా మాటలు నూరుకున్నాను.

తలుపు తెరిచే ఉంది. ఆవిడ పెరట్లో కోళ్ళను మూస్తోంది.
బల్ల మీద ఇంటి బైబిలు, ముందు పేజీల్లో గడులు:
పేరు, పుట్టింది, రక్షణ పొందింది, పోయింది.
గనిలో పోయిన మామగారికి నాలుగూ నిండాయి.
వేడ్‌కి పదకొండో ఏట నదిలో బాప్తిస్మం, నల్ల సిరా.
జీటా పేరు ఎదుట, మూడో గడిలో,
పెన్సిల్.
జనవరి ఇరవై ఏడు. మా గుడి తేదీ.
రాసి, చెరిపి, రాసి, చెరిపి,
ఉల్లిపొరలా పలచబడిన కాగితంలోంచి
అవతలి పేజీ అక్షరాలు కనిపిస్తున్నాయి.
ఈపూటకి రాసే ఉంది.

చేతులు దులుపుకుంటూ లోపలికొచ్చి
నా చేతిలో కరపత్రం చూసింది, తెరిచిన పేజీ చూసింది.
చిక్కుడు గింజలు వడ్డించింది.
ఉప్పెక్కువైంది. తిన్నాను.
లేస్తూ అన్నాను: మంటలు వద్దు. ఇంకేదైనా పెట్టండి డబ్బాలో.
"మరి నా భయం ఎక్కడ పెట్టుకోను?" అంది,
గిన్నె తీస్తూ, నావైపు చూడకుండా.

ఆ రాత్రి జీటా మంచం పక్కన జపమాల.
ఇప్పుడును, మా మరణ సమయమందును...
ఇన్నేళ్ళుగా గుండ్రంగా తిప్పుతున్న ఆ మాటల్లో
తేదీలు రెండే ఉన్నాయని నాకు తెలియనేలేదు.
ఒకటి అనేలోపే జారిపోతుంది.
రెండోది ఎవరూ చెప్పరు.

"నానమ్మతో పోట్లాడావా?"
లేదు.
"కేలిన్‌కి ఏం చెప్పను?"
నానమ్మ దగ్గర రాసి ఉందని చెప్పు.
"ఏ సిరాతో?"

నిద్రపో అన్నాను.
వసారాలో దీపం ఆర్పలేదు.
ఈసారి ఉంచమన్నది తను కాదు.