మూడు ముళ్లంటే చిక్కుడు

రాహేలమ్మకి రాయడం రాదు.
విత్తనాలు పాత చీరగుడ్డలో మూటగట్టి
దారానికి ముళ్లేసేది.
ఒక ముడి బీర. రెండైతే బెండ.
మూడు ముళ్లంటే చిక్కుడు.
"చిక్కుకోడానికి మూడు ముళ్లు చాలవంటే, పిల్లా?"
గారపళ్లన్నీ బయటపెట్టి నవ్వేది.

మూటలన్నీ ఎండు సొరబుర్రలోకి.
పైన పిడకల బూడిద, నాలుగు వేపాకులు.
చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి
మూతి మూసి దూలానికి వేలాడగట్టేది.

నావి రంగుల పాకెట్లు, బీసెంట్ రోడ్డులో కొన్నవి.
తేదీలతో సహా పెన్నుతో రాసి బీరువాలో దాచినవి.
నిజం చెప్పాలంటే
నా కుండీలో ఏనాడూ
పాకెట్ మీది బొమ్మంత కాయ కాయలేదు.

బుడమేరు సింగ్‌నగర్లోకి వచ్చిన రాత్రి
ఎదురు మేడ మీద, టార్పాలిన్ కింద
పదకొండు మందిమి, ఒక మేక.
బీరువా మునిగింది.
ఫ్రిజ్ కాసేపు ఈది, అదీ ఒరిగిపోయింది.
నాలుగో రోజు నీళ్లు నడుముకి దిగాక చూస్తే
సొరబుర్ర, కరెంటు స్తంభం తీగకి తగులుకుని
తాబేలులా తల ఊపుతోంది.
మోకాళ్ల నొప్పులని మెట్లెక్కడానికే ఏడ్చిన మనిషి
చీర ఎగ్గట్టి దిగిపోయింది.

నా పాకెట్ల మీద పేర్లు నీలంగా కరిగి
ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పారాయి.
ఆమె ముళ్లు
చీకట్లో తడిమినా చదవొచ్చు.

ఆ తర్వాత వారం పులిహోర పొట్లాలు ఆగిపోయాయి.
టమాటా ధర అడిగి ఊరుకున్నాం.
పొద్దున్నే నన్ను రైలుకట్ట మీదికి లాక్కెళ్లింది.
"కాలవ పక్కది ముట్టకు, ఊరి మురుగంతా అక్కడే చేరింది.
పైకి రా. ఇదిగో గంగపాయల,
పప్పులో వేస్తే చింతపండు మిగులుద్ది.
ఇది అటికమామిడి, ఆకు తిప్పిచూడు, వెనక తెలుపు.
అది కాదే! అది తింటే
నిన్ను నేను మోసుకెళ్లాలి."
ఆత్రంగా మొక్క మొదలు పట్టుకుంటే
చేతి మీద ఒక్కటేసింది.
"పీకకు. గిల్లు.
రేపు ఇంకెవత్తికో ఆకలేస్తది."
గూడ్సు బండి పోయింది. ఆకుల మీద బొగ్గు పొడి.
మూడు నీళ్లు కడిగి వండింది.

బుర్ర మైనం గీకిన రోజు
వీధి వీధంతా చేతులు చాపింది.
మనిషికి చిటికెడు.
"తొలికాయ కోసుకు తిన్నారో, చూడండి!
ముదరనిచ్చి గింజ నాకు తెచ్చివ్వాలి."
అంతే వడ్డీ.

అడుగున నాలుగు ముళ్ల మూట ఒకటుంది.
ఇదేంటని అడిగితే
వేళ్ల మధ్య చాలాసేపు తిప్పింది.
"గుణదల తిరనాళ్లలో ఎవరో ఇచ్చారే.
పేరు కూడా చెప్పారు."

పగిలిన పెయింటు బకెట్లో వేశాం.
నిన్న రెండాకులొచ్చాయి.
తీగో చెట్టో ఇద్దరికీ తెలీదు.
పక్కన ఓ కర్ర మాత్రం
పాతి ఉంచాం.