మంగళవారం దాకా

శనివారం పొద్దుగూకే వేళకి వచ్చాయి పెట్టెలు,
పదకొండు.
ధ్రువం నుంచి నేరుగా వీచే గాలి
స్టూవర్ట్ వీధి ఏటవాలు మీద
వానని కిందికి కాదు, పక్కకి కురిపిస్తోంది.
ప్రతి పెట్టె నడుముకీ పసుపు టేపు:
మంగళవారం దాకా తెరవరాదు.

డునీడిన్‌లో మా కొట్టుకి గోడౌన్ అంటే
మెట్ల కింద ఓ సందు, ఓ చీపురు, ఓ పాత హీటరు.
ఇప్పుడా సందులో
రాత్రంటే ఎరగని ఒక గ్రహం ఉంది.
వెన్నులో గడియారంతో పుట్టిన కుర్రాడున్నాడు,
రోజూ దానికి కీ ఇచ్చే ఇంకో కుర్రాడున్నాడు,
వాళ్ళిద్దరూ ఒకే అట్టపెట్టెలో
బోర్లా పడుకుని ఉన్నారు.

సెఫీనా బడి వదలగానే వస్తుంది,
తడి బూట్లు గుమ్మంలోనే ఆపి, తల మాత్రం లోపల పెట్టి,
"వచ్చిందా?"
వచ్చింది, ఇవ్వకూడదు.
ఆ పుస్తకంలో సముద్రాన్ని ఏలే రాణికి
వాళ్ళ అవ్వ పేరేనట.
"ఆ రాజ్యంలో ఒక్కరు కూడా
ఆ పేరుని తప్పుగా పలకరు, తెలుసా?"
పద్నాలుగేళ్ళు. హాజరు పట్టీలో
రోజూ వంకరపోయే ఇంటిపేరు తనది.

ఊనా ర్యాంకిన్ మాత్రం ఏమీ అడగదు.
పోర్ట్ చామర్స్ రేవులో ముప్ఫై ఏళ్ళు క్రేను నడిపిన మనిషి,
దేన్నయినా కింద పెట్టేముందు
ఒక్క క్షణం గాల్లో ఆపుతుంది, టీ కప్పునైనా సరే.
ఆర్డర్ల పుస్తకంలో ఆమె పేరు పక్కన
జూన్ కొట్టేసి నవంబరు,
నవంబరు కొట్టేసి వచ్చే ఏడు,
ఆ తర్వాత ఉత్త ప్రశ్నార్థకం.
ఆరేళ్ళు.
రెండో భాగం చివర ఓడ తలుపు మూసుకుపోయింది,
ఒకామె లోపల, ఒకామె బయట, మధ్యలో మంచు.

ఆమె ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ నుంచే మొదలెడుతుంది.
ఒకసారి చెప్పింది, చిల్లర లెక్కపెడుతూ:
"మా వయసులో మాలాంటి వాళ్ళ కథలు
నదిలో ముగిసేవి, లేదా ఆసుపత్రిలో,
అదీ కాకపోతే చర్చిలో, ఎవడో ఒకడి పక్కన.
ముందే చూసుకునేదాన్ని.
ఎవరు చస్తారో తెలిస్తే
వాళ్ళని మరీ ఎక్కువ ప్రేమించకుండా చదవొచ్చు."

నాకు తెలుసు ముగింపు.
నెల కిందటే నమూనా ప్రతి వచ్చింది,
ఎవరికీ చెప్పనని సంతకం చేశాను.
చదవడం అయిన రాత్రి దీపం ఆర్పలేదు.
మెరియెల్ అటు తిరిగి పడుకున్నదల్లా ఇటు తిరిగి
ఏమైందని అడిగితే
ఏం లేదన్నాను, ఒప్పందం ప్రకారం.
ఆమె నా చెంప తడిమి చూసి
ఇంకేమీ అడగలేదు.

సోమవారం కొట్టు కట్టేసే వేళ ఊనా వచ్చింది.
కోటు నుంచి కారే నీళ్ళు నేల మీద
చిన్న మడుగు కట్టేదాకా నిలబడింది.
మాట నా నాలుక చివరే ఉంది.
ఒప్పందాలు పోతేపోనీ, డెబ్బయ్యారేళ్ళ మనిషి!
"చెప్పావంటే చంపుతా" అని
గ్లవుజులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

మంగళవారం. ఎనిమిదింటికి తలుపు తీస్తే
సెఫీనా అప్పటికే మెట్టు మీదుంది.
పుస్తకం అందుకుని అక్కడే కూలబడింది,
బడిగంట ఆమెకి వినబడలేదు,
నాకు వినబడింది, చెప్పలేదు.

ఊనా పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని
గాల్లో కాసేపు ఆపింది.
పాత అలవాటు బొటనవేలికి,
వెనక అట్ట వైపు పాకింది.
ఆగింది.
"ఆ టేపు ముక్క ఒకటి ఇలా ఇవ్వు."
పెట్టె మీంచి ఊడబెరికి ఇచ్చాను.
ఆఖరి అధ్యాయం పేజీలన్నీ కలిపి
వంకర లేకుండా అంటించింది, సరుకు దించినంత నెమ్మదిగా:
మంగళవారం దాకా తెరవరాదు.

ఏ మంగళవారమో దాని మీద రాసి లేదు.