తూర్పు గోడ

అడ్డం పదహారు గళ్ళు, నిలువు పదహారు.
మార్కాపురం తర్లుపాడు రోడ్డులో
చట్రానికి పనికిరాదని పారేసిన
పెచ్చులూడిన పలక మీద
మా నేలమాళిగ.
కాగితమైతే కొనాలి,
పలకలైతే మా వీధిలో కాళ్ళకు తగిలేవి.

నాగుల్ మీరా వాళ్ళ నాయన గనిలో రాయి చీల్చేవాడు.
ఉలి పెట్టి ఒక్క దెబ్బేస్తే
తడిసిన పుస్తకంలో పేజీలా పొర లేచేది.
"కిందకి పోయేకొద్దీ మంచి రాయిరా" అనేవాడు.
ఆటా అంతే.
కిందకి పోయేకొద్దీ మంచి కత్తి,
కత్తి పక్కనే మంచి చావు.

నేను ఆడింది గాలెయ్య మామ టీవీ రిపేరు షాపులో.
స్పెక్ట్రమ్. చెమటకి రబ్బరు మీటలు జారేవి.
క్యాసెట్ ఎక్కడానికి ఆరు నిమిషాలు,
ఆ కీచుమోతకి ఎదురు టీకొట్టు రమణమ్మ
"మళ్ళా పిల్లి తోక తొక్కినార్రా" అని అరిచేది.
ఆరో నిమిషంలో కరెంటు పోయేది.

మీరా ఆడింది హైస్కూల్లో,
సర్కారు పంపిన బీబీసీ మైక్రో మీద,
లెక్కల సారు గది తాళం మరిచిపోయిన శనివారాల్లో.

నా రాక్షసుడు నాలుగు పచ్చగీతలు.
నీలిగోడ దగ్గరికొస్తే తనే నీలమైపోయేవాడు,
తడి సున్నానికి ఒరుసుకున్నట్టు.
మీరా చూసే రాక్షసుడికి రంగులు కుదురుగానే ఉండేవి గాని
మనిషంతా ఇటుకలతో కట్టినట్టుండేవాడు.
మాకు అదేం పెద్ద విషయం కాదు.

గొడవొచ్చింది మూడో అంతస్తులో,
బావి దాటాక,
తూర్పు గోడ దగ్గర.

"ఇక్కడ తలుపుంది."
"లేదు."
"తోసినా. తెరుచుకుంది."
"నేను ముప్పైసార్లు తోసినా. గోడరా అది."
బలపంతో అడ్డగీత కొట్టాడు.
ఉమ్మి తడిపి చెరిపాను.
మళ్ళీ గీశాడు. మళ్ళీ చెరిపాను.
అబద్ధాలకోరు అన్నాను.
వాళ్ళ నాయన్ని కూడా ఏదో అన్నాను, అది ఇక్కడ రాయను.
పలక రెండైంది.
పొరవెంట కాకుండా అడ్డంగా విరిగిన రాయి
ఎవరిదో ఒకరి చెయ్యి కోస్తుంది.
కోసింది నాదే.

ముప్పై ఆరేళ్ళ తర్వాత
ఒంగోలు లాయరుపేటలో, మేడ మీది రేకుల గదిలో,
పాత యంత్రాలు బాగుచేసి వరసగా పెట్టుకున్నాను.
అన్నిటిలో అదే ఆట.
కమడోర్‌లో పాటుంది,
నేలమాళిగలో ఎవరిదో పెళ్ళి జరుగుతున్నట్టు.
అమీగాలో దివిటీలకు నిజం మంటలు,
ఎంత అందమో, అందుకే భయం పోయింది.
డాస్‌లో రాక్షసుడు గులాబీరంగు,
తిరునాళ్ళ పీచుమిఠాయి.
పైగా కొత్త ప్రాసెసర్ మీద
మనం ఊపిరి తీసుకునేలోపే చంపేస్తాడు.

బీబీసీ ఆఖర్న దొరికింది,
కందుకూరు తుక్కుకొట్లో, కిలోల లెక్కన.
రెండు కెపాసిటర్లు మార్చాను.
మూడో అంతస్తు. బావి. తూర్పు.
స్పెక్ట్రమ్‌లో తోశాను: గోడ.
కమడోర్, అమీగా, డాస్: గోడ, గోడ, గోడ.
బీబీసీలో తోశాను.

తెరుచుకుంది.

ఎవరో ఎక్కడో
రాత్రి రెండింటికి నిద్ర ఆపుకుంటూ
ఒకటి కొట్టాల్సిన చోట సున్నా కొట్టి ఉంటారు.
లోపల ఏమీ లేదు. ఖాళీ గది.
మూలన ఒక దీపం నూనె సీసా.
దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

నంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది.
మీరా ఇప్పుడు అదే రాయిని
ఇళ్ళ గోడలకి అతికించే టైల్స్‌గా కోయిస్తున్నాడు.
పలకలు ఎవరికి కావాలి!

"తలుపుందిరా" అన్నాను.
అటుపక్క కోతమిషను మోత.
"ఏం తలుపు? ఎవరండీ?"
పేరు చెప్పాను. బావి చెప్పాను. తూర్పు చెప్పాను.
మిషను ఆపమని ఎవరినో కేకేశాడు.
మోత తగ్గింది, తగ్గింది, ఆగింది.
దుమ్ముకి కాబోలు, దగ్గాడు.

"నూనె సీసా తీసుకున్నావా మరి?"