పుర్రచేతి పద్దు

ఆఖరి ట్రామ్ హిల్స్‌బరో వైపు పట్టాలు గీరుకుంటూ పోయాక
లాప్‌టాప్ తెరుస్తాను.
షెఫీల్డ్ మీద వాన. ఎక్కువేం కాదు,
కొండ దిగే వీధిలో దీపాల కింద మాత్రం కనబడేంత.

ఇవాళ్టికి
క్లిక్కులు రెండువందల పద్నాలుగు.
అమ్మకాలు మూడు.
నా వాటా ఒక పౌను ఎనభయ్యేడు పెన్నీలు.
అదీ పెండింగు.

నాకు కొట్టు లేదు, సరుకు లేదు.
ఎడమచేతి వాళ్ళకి ఏ కత్తెర తెగుతుందో,
ఏ డబ్బామూత తీసేది మణికట్టుని మెలిపెట్టదో
రాసి పెడతాను.
చదివినవాళ్ళు నా గుమ్మంలోంచి
వేరేవాళ్ళ అంగట్లోకి నడిచిపోతారు.
ముప్పై రోజుల్లో కొంటే నూటికి నాలుగు నాది.
ముప్పై ఒకటో రోజున కొంటే
నేనెవరో, వాళ్ళెవరో.

మా మేనత్త వింటే దళారీ బేరం అనేది.
అంటూనే నా ఎడమచేతి మీద చిన్నగా చరిచేది,
ఆ చేత్తో డబ్బు పుచ్చుకోకే, నిలవదు, అని.
నిలవడం లేదత్తా, నిజమే.
సర్వర్ అద్దె పోను పోయిన నెల మిగిలింది
ఇద్దరికి చేపా చిప్సూ,
పైన ఒక గిన్నెడు మెదిపిన బఠాణీ.

అయినా తెర మీది లెక్క నమ్మను.
నీలం అట్ట పుస్తకంలో మళ్ళీ ఎక్కిస్తాను.
రాసిన అంకెల మీదుగానే చెయ్యి జరుగుతుంది.
పడుకునే వేళకి ఆ రోజు జమంతా
అద్దంలో రాతలా తిరగబడి
చిటికెనవేలి పక్కన, అరచేతి అంచు మీద.

పక్కింటి వాల్టర్ ఒలరెన్షా
నలభయ్యేళ్ళు కత్తెర్లకి రెండు రెక్కలూ జత చేసినవాడు.
చెత్తడబ్బాలు బయటపెట్టే మంగళవారం
కనుబొమలెత్తి, రెండు వేళ్ళు గాల్లో ఆడిస్తాడు.
బోణీ అయిందా అని. ఆ మాట తెలీదు గానీ అడిగేది అదే.
ఎడమవి చెయ్యాలంటే, అన్నాడోసారి,
ముందు బుర్రని ఊడదీసి తిరగేసి బిగించుకోవాలి.
మామూలువి పది అయ్యే వేళకి అవి నాలుగు.
మేస్త్రీ తిట్టేవాడు.

ఫిబ్రవరి తొమ్మిది పద్దు ఇంకా ఎక్కించలేదు.

వాటాల చిట్టాలో మనుషులుండరు. సరుకులుంటాయి,
ఒకే బుట్టలోవని చెప్పే ఒక నంబరు.
కత్తెర, పెద్ద సైజు.
తొక్క తీసే కత్తి, ఎడమ.
అక్కడిదాకా నేను రాసినవే.
తర్వాత, నేనెన్నడూ రాయనివి.
కూర జారకుండా గుచ్చిపట్టే మేకుల చెక్క,
ఒంటిచేత్తో తరుక్కోడానికి.
కుడిభుజానికి జోలె పట్టీ.
నాలుగు గీతల కాపీపుస్తకం, పెద్దలది.

పుట్టుకతో ఈ వాటం వచ్చినవాళ్ళ కోసమే
రాస్తున్నాననుకున్నాను, నాలుగేళ్ళుగా.

మొత్తానికి రెండు పౌన్ల ముప్పయ్యొకటి.
జమ, అని రాయబోయి కలం పక్కన పెట్టాను.

మార్చి రెండున ఎర్ర అక్షరాల్లో వాపసు.
ఆ నంబరే, కత్తెర ఒక్కటే.
యాభైరెండు పెన్నీలు నా లెక్కలోంచి కోత.
కోసింది మాత్రం, బహుశా, ఏమీ లేదు.

ఆ రాత్రి పేజీ అంతా తిరగరాశాను.
ఈ చేతికి కొత్తా? అయితే పెద్దది వద్దు.
చిన్నది కొనండి. మొదట దారం.
తర్వాత పాత ఉత్తరాల కవర్లు.
గుడ్డ జోలికి వేసవిదాకా పోకండి.
వంకరగా తెగితే తెగనివ్వండి.

తర్వాత మూడు వారాలు క్లిక్కులు తగ్గాయి.

ఇవాళ్టి మూడింట్లో ఒకటి చిన్న కత్తెర.
బడిపిల్లాడిది కావచ్చు,
ఏ కుట్టుపని అవ్వదో కావచ్చు.
బుట్టలో ఇంకేం లేదు, అడగడానికి.

ముప్పయ్యారు పెన్నీలు, రాశాను.
చెయ్యి పక్కకి జరపలేదు.
వంగి, అంకె మీద ఊదుతూ కూర్చున్నాను,
తడి ఆరేదాకా.