నీలం గది

మేనల్లుడు కొత్త గేమ్ డబ్బా కొన్నాడు.
అందులోకి పాత ఆట దిగుతోంది,
తొంభైరెండు శాతం దగ్గర కాసేపు ఆయాసపడి.
"మీ కాలం నాటిదట మావయ్యా, మళ్ళీ విడుదల చేశారు."

టీవీ గోడంత ఉంది. ఆట మాత్రం
మధ్యలో చతురస్రంగా ముడుచుకుని
రెండు పక్కలా నల్లటి పట్టీలు వదిలేసింది.
నౌపడా నుంచి గుణుపురం దాకా
రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన
మా చిన్న రైలు గుర్తొచ్చింది.
తర్వాత పెద్ద లైను వేశారు. అదే దారి.
పర్లాకిమిడిలో ఇప్పుడూ ఆగుతుంది,
పరిగెత్తి ఎక్కడానికే వీల్లేదు.

దండాసి దుకాణం కోట వెనక సందులో.
ముందు కొమ్ము దువ్వెనలు, వెనక గోనెపట్టా తెర,
తెర వెనక రెండు టీవీలు.
కొమ్ము అరగదీసిన వాసన చొక్కాలకి పట్టి
ఇంట్లో దొరికిపోయేవాళ్ళం.
అరగంటకి రెండు రూపాయలు,
కరెంటు పోతే ఆ రెండూ దేవుడి ఖాతా.
"టైమైపోనాది, లెగండ్రా గుంటలూ!"
ఆ గొంతుకి ఆపే మీట ఉండేది కాదు.

క్యాసెట్ ఆడకపోతే దాని నోట్లో ఊదాలి.
ఆ పని దీనబంధుది.
శంఖం ఊదేవాళ్ళింటి పిల్లాడు, ఊపిరెక్కువ.
నాకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు.
వాడికి రెండు చోట్లా ఒడియా, తిట్లు మాత్రం తెలుగు.
తెర మీద అక్షరాలు ఇద్దరివీ కావు,
అక్కడ ఎవడూ ఎవడికీ అర్థం చెప్పక్కర్లేదు.

మూడో మెట్టులో, నుయ్యి పక్కన,
లాంతరు మనిషిని గోడకి ఆనించి
మూడుసార్లు గెంతించి, ఆగి, నాలుగోసారి గెంతిస్తే
రాతిలోంచి జారి పడేవాడు
ఒక నీలం గదిలోకి.
శత్రువులు లేరు. నాణేలు లేవు. తలుపు లేదు.
సంగీతం కూడా బయటే ఉండిపోయేది.
అవతల పాతపట్నం, ఇవతల మేము,
మహేంద్రతనయ నడుమ ఇసుక ఎవరిదని అడిగితే
పెద్దవాళ్ళు నవ్వి ఊరుకునేవారే, అలాంటి చోటు.
ఏటి నీళ్ళు దోసిట్లో పోసుకుని ఒట్టేసుకున్నాం,
మూడో మనిషికి చెప్పకూడదని.

ఆరు నెలలకి బత్తిలి నుంచి వచ్చిన ఒక గుంటడు
మా కళ్ళముందే నుయ్యి పక్కకి నడిచాడు.
మూడు గెంతులు. ఆగాడు.
నేను దీనబంధు వైపు చూశాను.
వాడు తల అడ్డంగా ఊపాడు.
నేను నమ్మలేదు.
ఆ తర్వాత క్యాసెట్ నేనే ఊదుకున్నాను,
సగంసార్లు గీతలే వచ్చేవి.

ఇరవై ఏడేళ్ళు.
కలెక్టరాఫీసు గేటు దగ్గర ఒకసారి,
చిన్న రైలు ఆఖరి రోజున జనంలో ఒకసారి
ఎదురుపడ్డాడు. చెప్పులు చూసుకున్నాను.

కొత్తదాంట్లో చచ్చిపోనక్కర్లేదు.
మీట నొక్కితే కాలం వెనక్కి జారి
గోతిలో పడ్డవాడు గట్టు మీద నిలబడతాడు.
పదకొండు భాషలున్నాయి, మా రెండూ లేవు.
బొటనవేలు ఏదీ మరచిపోలేదు:
నుయ్యి, గోడ, మూడు, ఆగు

నీలం.
సరిచేసేసి ఉంటారనుకున్నాను,
తప్పుని తప్పులాగే భద్రం చేశారు.
మూలన ఒక కప్పు బొమ్మ మెరిసింది.
మేనల్లుడు చదివాడు:
"రహస్య గది. ముప్పైనాలుగు శాతం మంది చేరారు.
అప్పట్లోనే అన్ని ఊళ్ళలో కనిపెట్టేశారట మావయ్యా,
ఎవరికి వాళ్ళే."

ఎవరికి వాళ్ళే.
బత్తిలి గుంటడు కూడా.

వెనక్కి తిప్పే మీట మీద వేలు ఉంచేశాను.
లాంతరు మనిషి గోడలోంచి లేచి, నుయ్యి దాటి,
మొదటి మెట్టు దాకా బుద్ధిగా వెనక్కి నడిచాడు.
అక్కడ ఆగాడు. అంతకన్నా వెనక్కి పోదు.

దీనబంధు స్టేషన్ బయట జీడిపప్పు అమ్ముతాడని విన్నాను.
బల్ల మీద రెండో కంట్రోలర్
జత దొరక్క దీపం ఆర్పుకుంటూ వెలిగించుకుంటూ ఉంది.
"అది ఎవరికి?" అన్నాడు మేనల్లుడు.
"ఆగరా, చొక్కా వేసుకొస్తాను."