నలుగురికా, ఆరుగురికా

కొంకార్నోలో వాన ఆగని శనివారం.
దుకాణం మధ్య ఒక తెప్పకి గాలి నింపి పెట్టారు,
నారింజ రంగు గుడిసెలా.
మా మాలో తడి బూట్లతోనే అందులోకి దూరి
"ఇక్కడే ఉండిపోదాం నాన్నా" అన్నాడు.
వాడికి ఐదేళ్ళు.
మునగడమంటే వాడికింకా స్నానాల తొట్టే.

"ఎంతమంది?" అన్నాడు అమ్మేవాడు.

ఎవరడిగినా తడుముకోకుండా చెప్పే లెక్క.
నేను, రోజెన్, ఎనోరా, మాలో.
నాలుగు వేళ్ళు లేచాయి.
బొటనవేలు మాత్రం లేవాలో వద్దో తెలీక
అరచేతిలోనే ముడుచుకుంది.

బొటనవేలు మా మామగారు ఫాంష్.
నలభై ఏళ్ళు సార్డీన్ల వెంట తిరిగిన మనిషి,
ఈత రాదు.
"నన్ను లెక్కలో వేయకండి," అన్నాడు పొద్దున్న
రొట్టెకి ఉప్పువెన్న రాసుకుంటూ.
"ఏడు మీటర్ల పడవకి తెప్పొకటా?
ఆ డబ్బుతో ఇంజనుకి కొత్త బెల్టు వెయ్యి."

పోయిన ఆగస్టులో గ్లెనాన్ దీవుల నుంచి వస్తుంటే
పొగమంచు కమ్మి, ఇంజను ఆగి,
ఇరవై నిమిషాలు మేం ఎక్కడున్నామో
మాకు తప్ప రాళ్ళన్నిటికీ తెలుసు.
ఏమీ కాలేదు. బెల్టే.
బిగించుకుని ఇంటికొచ్చి రొయ్యలు ఉడికించుకున్నాం.
నేను తెప్పరిల్లడానికి ఆ రొయ్యలు చాలాయి.
రోజెన్‌కి చాలలేదు.

నలుగురిదైతే ఇరవై ఆరు కిలోలు.
ఆరుగురిదైతే ముప్ఫై ఐదు.
ఆరుగురి తెప్పలో మరీ తక్కువమంది కూర్చుంటే
గాలి దాన్ని అట్టు తిరగేసినట్టు తిరగేస్తుందట.
తెప్పకి మనుషులే బరువట,
ఖాళీ జాగా ఎప్పుడూ గాలిదేనట.

రోజెన్ వింటూనే
చిన్న సంచీ పట్టీ పట్టుకుని లేపింది.
మోకాలి దాకా వచ్చింది.
పెద్దదాన్ని లేపబోయింది.
పన్నెండేళ్ళుగా పెనం మీద
ఊరందరి అట్లూ తిరగేసి అరిగిన కుడి భుజం
ఊహూ అంది.
నేను చెయ్యి వేయబోతే
"నువ్వప్పటికే నీళ్ళలో ఉన్నావనుకో," అంది,
అంతమంది మధ్య, మామూలు గొంతుతో,
పాలైపోయాయని చెప్పినట్టు.

అమ్మేవాడు కంగారుగా జాబితా అందుకున్నాడు:
తెడ్లు రెండు, నీళ్ళు తోడే గిన్నె, స్పాంజి,
తెప్పకి గుచ్చుకోకుండా మొన మొద్దు చేసిన కత్తి,
వాంతులకి మాత్రలు.
తాగే నీళ్ళు లేవు.
"తీరానికి దగ్గరే కదా, ఈలోగా ఎవరో ఒకరు వస్తారు."
"ఎవరు?" అంది ఎనోరా.
తొమ్మిదేళ్ళ పిల్ల, ఇలాంటివి వదలదు.
అతను రేడియో గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

పెద్దదే తీసుకున్నాం.
సంచీ కాదు, గట్టి డబ్బా రకం,
వెనక కమ్మీకి ఊయల లాంటి చట్రంతో సహా.
పిన్ను లాగితే దొర్లి పడుతుంది, భుజంతో పనిలేదు.
చట్రం ధర విన్నాక
బెల్టు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు.
మేం ఒక్కసారైనా ఎక్కకుండానే
మూడేళ్ళకోసారి తనిఖీకి మోసుకెళ్ళి, డబ్బు కట్టి,
అది అలాగే పాతబడి పోవాలని మొక్కుకుంటాం.
ఇంత పోసి కొని
ఇంతగా అక్కరపడకూడదనుకున్న వస్తువు
మా ఇంట్లో ఇంకోటి లేదు.

ఆదివారం, పోటు నిండే వేళకి
మామగారు రేవుకొచ్చాడు, పిలవకుండానే.
కోటు జేబులోంచి కొత్త బెల్టు తీసి నా చేతిలో పెట్టాడు.
తెప్ప తాడుని పడవకి నేను కట్టిన ముడి చూశాడు.
విప్పాడు.
తన ముడి వేసి, కాలు తన్నిపెట్టి లాగి చూసి,
మళ్ళీ విప్పి మళ్ళీ వేశాడు.

"దీన్లోకి దిగకూడదు," అన్నాడు పిల్లలతో.
"ఎక్కాలి.
పడవ మీ కాళ్ళ కిందికి కుంగిపోయి
తెప్ప మీకంటే ఎత్తులో కనపడేదాకా
పడవని వదలొద్దు."

"మరి నువ్వు, తాతా?"

డబ్బా మీద అచ్చువేసిన ఆరు మనిషి బొమ్మల్ని
వేలితో ఒక్కొక్కటే తడిమాడు.
ఐదోదాని దగ్గర ఆగి
"వీడికి టోపీ లేదే," అన్నాడు.

మాలో పెన్ను కోసం పరిగెత్తాడు.