ఆముదం ఆదివారం

చింతాద్రిపేటలో మా కాంపౌండుకి
ఏడు కాపురాలు, ఒకటే పాయిఖానా.
అందుకని కొళాయి పక్క గోడమీద
బొగ్గుతో రాసి ఉండేది,
ఏ ఆదివారం ఎవరి పిల్లలకు ఆముదమో.

మా వంతు ముందురాత్రి
నాయనమ్మ మంగతాయమ్మ
వాయువిడంగాలు నూరి, బెల్లంలో పొదిగి
ఉసిరికాయంత ఉండలు కట్టేది.
"పురుక్కి తీపి చూపించి చేదు పెట్టాల్రా" అనేది.
పురుగు సంగతేమో గాని
ప్రతిసారీ మోసపోయింది నేనే.

తెల్లారి కాఫీలో ఆముదం.
గ్లాసు అంచున తేలే జిడ్డు కళ్లు
మమ్మల్నే చూస్తుండేవి.
ముక్కు మూసుకుని ఐదుగురం, వరసగా.
ఇక మధ్యాహ్నం దాకా
ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్లం కాదు,
పరుగులే.

మునుసామి ఆసారి పెళ్లాం తలుపు సందులోంచి
ఎన్ని పడ్డాయని అరవంలో అడిగేది.
నాయనమ్మ వేళ్లు చూపించేది.
రెండు చేతులూ ఎత్తాల్సొస్తే
ఆమె మొహంలో అదో గర్వం.

ఒకసారి నేను ఉండ మింగలేదు.
నిక్కరు జేబులో దాచి
పొద్దున్నే వెనక గోడ మీంచి విసిరేశాను.

సందులో వెంగమ్మ ఉంది.
పెంచలమ్మ కూతురు, నా ఈడుదే.
తల్లి మా పాయిఖానా వెనక రేకు తలుపెత్తి
బూడిద చల్లి, తట్టకెత్తుతుంటే
తను చీపురు పట్టుకుని నిలబడేది.
ఆముదం ఆదివారాలు వాళ్లకు
ఇంకో తట్ట ఎక్కువ.
వీధంతా అరవమే. ఆ సందులోంచి మాత్రం
నెల్లూరు తెలుగు వినపడేది.

గోడమీద గడ్డం ఆనించి చూస్తున్నాను.
ఉండ తీసింది. ఉఫ్ అని ఊదింది.
నోట్లో వేసుకుంది.
బెల్లం ఉన్నంతసేపూ నవ్వింది.
తర్వాత మొహం అష్టవంకర్లు పోయి
"ఏందిమా ఇది, లోపల చేదుండాది" అంది.
ఉమ్మలేదు.
వేళ్లు కూడా నాకింది.

కొళాయి గోడమీద ఏడు పేర్లుండేవి.
ఏటేటా సున్నం కొట్టి మళ్లీ రాసేవాళ్లం,
ఏడే రాసేవాళ్లం.
బొగ్గు చాలాసార్లు నా చేతిలోనే ఉండేది.

మొన్న మనవరాలు బడినుంచి వచ్చి
పురుగుల మాత్ర ఇచ్చారంది,
క్లాసులో అందరిచేతా నమిలించారట.
"ఎలా ఉందే?"
"తియ్యగా ఉంది తాతా."
"చివరిదాకానా?" అన్నాను.
నాకేసి వింతగా చూసి
నాలుక చాపి చూపించింది.